‘గా’ అంటే ‘లీ’ కాదు: ఇంగ్లీషు విశేషణాలు, క్రియా విశేషణాలు ఎక్కడ ఏది వాడాలి?

మీ ప్రశ్నను ముందుగా రెండు మాటల్లో చెప్పి సమాధానంలోకి వస్తాను. మీరు చీపురుపల్లి దగ్గరి పల్లెలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, విజయనగరంలో డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నారు. వాక్యంలో తప్పును గుర్తించే ప్రశ్నల్లో విశేషణానికీ క్రియా విశేషణానికీ తేడా తెలియక మార్కులు పోతున్నాయని రాశారు. ‘తెలుగులో గా ఉంటే ఇంగ్లీషులో లీ చేర్చాలి’ అని బడిలో నేర్చుకున్న సూత్రం కొన్నిచోట్ల పనిచేస్తున్నదనీ, కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తున్నదనీ, ఎక్కడ ఎందుకు అలా జరుగుతున్నదో అర్థం కావడం లేదనీ అన్నారు.

సూటిగా చెప్పాలంటే ఆ సూత్రం సగమే నిజం. ‘గా’ను చూసి నిర్ణయించకండి, ‘గా’ తరువాత వచ్చే క్రియను చూసి నిర్ణయించండి. ఆ క్రియ ఉండు, ఉంచు, అవు, మారు, కనిపించు, వినిపించు, అనిపించు వంటిదైతే ఇంగ్లీషులో లీ లేని విశేషణం రావాలి. నడుచు, మాట్లాడు, రాయు, చూచు, విను వంటి పనిని చెప్పే క్రియ అయితే క్రియా విశేషణం రావాలి. ‘ఆమె సంతోషంగా ఉంది’ అన్నప్పుడు ‘షీ ఈజ్ హ్యాపీ’ అనాలి. ‘ఆమె సంతోషంగా ఒప్పుకుంది’ అన్నప్పుడు ‘షీ హ్యాపిలీ అగ్రీడ్’ అనాలి. తెలుగులో రెండుచోట్లా ‘సంతోషంగా’ అనే ఒకే రూపం ఉంది కనుక మన చెవికి తేడా తెలియదు. మీ తప్పులలో ఎక్కువ భాగం ఈ ఒక్కచోటే పుడుతున్నాయని మీరు రాసిన ఉదాహరణలను బట్టి నాకు అనిపిస్తున్నది.

నేను శ్రీకాకుళం జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 26 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి విరమించాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేను కూడా ‘గా అంటే లీ’ అని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత వల్లె వేయించాను. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి ‘ద మ్యాంగో ఈజ్ స్వీట్లీ’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేశాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, “తియ్యగా ఉంది అన్నదాన్ల ‘గా’ ఉంది కదేటి మేస్టారూ, మీరే కదా సెప్పినారు?” అని అడిగింది. ఆమె తప్పు రాయలేదు, నేను చెప్పిన సూత్రాన్ని నిజాయితీగా పాటించింది. ఆ రోజు నుంచి ఆ సూత్రం చెప్పడం మానేసి, అది ఎక్కడ విరిగిపోతుందో వెతకడం మొదలుపెట్టాను. ఇక్కడ రాస్తున్నది ఆ వెతుకులాటలో తేలినదే.

మొదట ‘గా’ ఏమిటో చూద్దాం. తెలుగులో ‘అందమైన’ అంటే ‘అందము అయిన’, ‘అందంగా’ అంటే ‘అందము కాగా’. రెండూ ‘అగు’ అనే క్రియ నుంచే వచ్చాయి. నామవాచకం ముందు నిలిచేటప్పుడు ‘అయిన’ను, క్రియ ముందు నిలిచేటప్పుడు ‘గా’ను మనం వాడుతాము. అంటే తెలుగు చూసేది పదం నామవాచకం ముందు ఉందా, క్రియ ముందు ఉందా అన్నది మాత్రమే. ఆ క్రియ ‘ఉండు’ అయినా ‘పరిగెత్తు’ అయినా తెలుగుకు పట్టింపు లేదు. ఇంగ్లీషు అలా చూడదు. ఆ గుణం ఎవరిది, మనిషిదా, వస్తువుదా, లేక జరుగుతున్న పనిదా అని అడుగుతుంది. ‘మామిడిపండు తియ్యగా ఉంది’ అన్నప్పుడు తీపి పండుది, ఉండటానిది కాదు. అందుకే అక్కడ విశేషణం వస్తుంది. ‘ఆమె మెల్లగా నడిచింది’ అన్నప్పుడు మెల్లదనం నడకది. అందుకే అక్కడ క్రియా విశేషణం వస్తుంది.

మన మాటల్లో ‘కు’ చేర్చి చెప్పే స్థితులన్నీ ఈ మొదటి వర్గంలోకే వస్తాయి. నాకు ఆకలిగా ఉంది, నాకు చలిగా ఉంది, నాకు భయంగా ఉంది అన్నవాటికి ‘ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ అఫ్రెయిడ్’ అనాలి. ఒక్కదానికీ లీ రాదు.

ఇక తెలుగువారికి దొరికే ఒక గొప్ప సౌకర్యాన్ని చెప్పాలి. దీన్ని చాలామంది ఉపాధ్యాయులు వాడుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంగ్లీషులో లుక్, సౌండ్, టేస్ట్, స్మెల్, ఫీల్ అనే ఐదు క్రియలు రెండేసి పనులు చేస్తాయి. ‘హీ లుక్డ్ యాంగ్రీ’, ‘హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద డ్రైవర్’ అనే రెండు వాక్యాలూ సరైనవే. ఒకచోట విశేషణం, మరొకచోట క్రియా విశేషణం ఎందుకో చెప్పలేక విద్యార్థులు ఇక్కడే ఓడిపోతారు. కానీ అవే వాక్యాలను తెలుగులో చెప్పి చూడండి. మొదటిది ‘అతను కోపంగా కనిపించాడు’, రెండవది ‘అతను డ్రైవరు వైపు కోపంగా చూశాడు’. ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టిన చోట తెలుగు రెండు వేర్వేరు క్రియలను వాడుతున్నది. కనిపించడం ఒకటి, చూడటం మరొకటి. వినిపించడం, వినడం కూడా అంతే. ‘ఆమె గొంతు బొంగురుగా వినిపించింది’ అంటే ‘హర్ వాయిస్ సౌండెడ్ హోర్స్’. ‘ఆమె శ్రద్ధగా విన్నది’ అంటే ‘షీ లిజన్డ్ కేర్‌ఫుల్లీ’. ‘కూర పుల్లగా ఉంది’ అంటే ‘ద కర్రీ టేస్ట్స్ సావర్’. ‘ఆమె కూరను జాగ్రత్తగా రుచి చూసింది’ అంటే ‘షీ టేస్టెడ్ ద కర్రీ కేర్‌ఫుల్లీ’. తెలుగులో కనిపించు, వినిపించు, అనిపించు, ఉండు వస్తే విశేషణం. చూచు, విను, రుచి చూచు వస్తే క్రియా విశేషణం. ఈ ఒక్కదాన్ని పట్టుకుంటే పరీక్షలో ఈ ఐదు క్రియల మీద వచ్చే ప్రశ్నలు మీకు దాదాపు ఉచితంగా దొరికే మార్కులే.

తెలుగులో ఆలోచించే సమయం లేనప్పుడు ఇంకొక పరీక్ష ఉంది. ఆ క్రియను తీసేసి దాని చోట ఈజ్ గానీ వాజ్ గానీ పెట్టి చూడండి. ‘హీ లుక్డ్ యాంగ్రీ’లో లుక్డ్ తీసి వాజ్ పెడితే ‘హీ వాజ్ యాంగ్రీ’ అని అర్థవంతంగా నిలుస్తుంది కనుక విశేషణం సరైనది. ‘హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద డ్రైవర్’లో లుక్డ్ తీసి వాజ్ పెడితే డ్రైవరు వైపు చూడటం అనే పనే పోతుంది కనుక అక్కడ క్రియా విశేషణం సరైనది. ఈ లెక్కనే ‘ఐ ఫీల్ బ్యాడ్’ అన్నది సరైనది. బాధను మర్యాదగా చెప్పాలనుకుని ‘ఐ ఫీల్ బ్యాడ్లీ’ అనేవారు ఉంటారు. పరీక్షలో దాన్ని తప్పుగానే గుర్తించండి.

‘ఉండు’కు ప్రేరణ రూపమైన ‘ఉంచు’ కూడా ఈ దారిలోనే నడుస్తుంది. ‘గదిని శుభ్రంగా ఉంచు’ అంటే ‘కీప్ ద రూమ్ క్లీన్’. ఇక్కడ ‘క్లీన్లీ’ అని రాసిన జవాబు పత్రాలను నేను లెక్కలేనన్ని దిద్దాను. దీని పక్కనే ఇంకొక చిక్కు ఉంది. ‘గోడకు పచ్చగా రంగు వేశాడు’, ‘పంచెను తెల్లగా ఉతికింది’ అనే వాక్యాల్లో వేయడం, ఉతకడం అనేవి పనులే అయినా ఇంగ్లీషులో ‘పెయింటెడ్ ద వాల్ గ్రీన్’, ‘వాష్డ్ ద ధోతీ వైట్’ అని విశేషణాలే వస్తాయి. పని ముగిసిన తరువాత ఆ గుణం ఎక్కడ మిగిలింది అని అడగండి. రంగు వేయడం అయిపోయింది, పచ్చదనం గోడ మీద మిగిలింది. కనుక విశేషణం. ‘గోడకు జాగ్రత్తగా రంగు వేశాడు’ అన్నప్పుడు జాగ్రత్త గోడ మీద మిగలదు, వేయడంతోనే ముగిసింది. కనుక ‘కేర్‌ఫుల్లీ’. ఉల్లిపాయలను సన్నగా తరగడం వంటి కొన్ని పనులకు రెండు రూపాలూ వినిపిస్తాయి. ‘థిన్’ అన్నా ‘థిన్లీ’ అన్నా ఇంగ్లీషు మాట్లాడేవారు అంగీకరిస్తారు, పరీక్షలో అయితే ‘థిన్లీ’ వైపు ఉండటం క్షేమం.

ఇంకొక హెచ్చరిక. ప్రతి ‘గా’ గుణాన్ని చెప్పదు. ‘టీచరుగా పనిచేస్తున్నాను’లోని ‘గా’కు ఇంగ్లీషులో ‘యాజ్ ఎ టీచర్’ అనీ, ‘రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’లోని ‘గా’కు ‘ఫర్ టూ ఇయర్స్’ అనీ వస్తుంది. వీటికి విశేషణంతోనూ క్రియా విశేషణంతోనూ పని లేదు.

ఇప్పుడు ‘లీ’ వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే అక్కడ కూడా సగం నిజమే ఉంది. లీ లేని క్రియా విశేషణాలు, లీ ఉన్న విశేషణాలు ఇంగ్లీషులో ఎందుకున్నాయో తెలిస్తే అవి మతిలో నిలుస్తాయి. పాత ఇంగ్లీషులో ‘హార్డ్’ వంటి విశేషణానికి చివర ‘ఎ’ అనే చిన్న అచ్చును చేర్చి క్రియా విశేషణం చేసేవారు. తరువాతి శతాబ్దాలలో పదాల చివరి ఆ అచ్చు ఉచ్చారణ నుంచి జారిపోయింది. జారిపోయాక రెండు రూపాలూ ఒకటైపోయాయి. హార్డ్, ఫాస్ట్ వంటి మాటలు రెండు పనులకూ అదే రూపంలో నిలవడానికి కారణం అది. అందుకే ‘ఫాస్ట్లీ’ అనే మాట ఇంగ్లీషులో లేదు. ‘గుర్రం వేగంగా పరిగెత్తింది’ అంటే ‘ద హార్స్ ర్యాన్ ఫాస్ట్’ మాత్రమే.

‘లీ’ కథ వేరు. శరీరం, రూపం అనే అర్థాలు గల ఒక పాత మాట నుంచి అది పుట్టింది. పోలికను చెప్పే ‘లైక్’ కూడా ఆ కుటుంబానిదే. స్నేహితుని వంటి రూపం గలది ‘ఫ్రెండ్లీ’, పిరికివాని వంటిది ‘కవర్డ్లీ’. ఇలా నామవాచకానికి లీ చేరితే సాధారణంగా విశేషణం వస్తుంది. విశేషణానికి లీ చేరితే సాధారణంగా క్రియా విశేషణం వస్తుంది. క్విక్ విశేషణం, కనుక క్విక్లీ క్రియా విశేషణం. ఫ్రెండ్ నామవాచకం, కనుక ఫ్రెండ్లీ విశేషణం. లవ్లీ, కాస్ట్లీ వంటివి కూడా ఇంతే. లోన్లీ కూడా విశేషణమే. ‘అతను స్నేహంగా మాట్లాడాడు’ అని చెప్పవలసి వస్తే ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనకూడదు, ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. డైలీ, వీక్లీ, ఎర్లీ అనేవి మాత్రం రెండు వైపులా నిలుస్తాయి.

హార్డ్‌కు లీ చేర్చితే ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ‘హార్డ్లీ’ అంటే కష్టపడి అని కాదు, దాదాపు ఏమీ లేకుండా అని. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి డిప్లొమా చేసి ఒక కర్మాగారంలో ఇంటర్వ్యూకు వెళ్లి, గత ఉద్యోగంలో ఎలా పనిచేశావని అడిగితే ‘ఐ వర్క్డ్ హార్డ్లీ, సర్’ అన్నాడట. తాను ఒళ్లు వంచి పనిచేశానని చెప్పాలనుకున్నవాడు, పని చేసిందే లేదన్నంత అర్థం వచ్చేలా చెప్పి వచ్చాడు. ఆ రాత్రి నాకు ఫోను చేసి, ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమని అడిగాడు. నిజంగా కష్టపడే పిల్లవాడు ఒక్క అక్షరం వల్ల తనకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకున్నాడని చాలా రోజులు బాధపడ్డాను. ఇటువంటి జంటలు నాలుగు మీకు నోటికి రావాలి. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్లీ అంటే దాదాపు లేదు. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈ మధ్య. నియర్ అంటే దగ్గరగా, నియర్లీ అంటే దాదాపు. హై అంటే ఎత్తున, హైలీ అంటే ఎంతో. ‘గాలిపటం ఎత్తుగా ఎగిరింది’ అంటే ‘ఫ్లూ హై’, ‘ఎంతో చదువుకున్నవాడు’ అంటే ‘హైలీ ఎడ్యుకేటెడ్’.

మన జిల్లాల మీదుగా వెళ్లే జాతీయ రహదారి మీద ‘గో స్లో’ అనే బోర్డులు చూసి, ‘స్లోలీ’ కదా ఉండాలి అని మీకు సందేహం రావచ్చు. స్లో అన్నది క్రియా విశేషణంగా కూడా ఎంతో కాలంగా వాడుకలో ఉంది. బోర్డుల మీద, మాటల్లో అది తప్పు కాదు. ఉత్తరాల్లోనూ పరీక్షల్లోనూ ‘స్లోలీ’ రాయండి.

గుడ్, వెల్ అనే జంటను విడిగా చూడాలి, ఎందుకంటే తెలుగులో ‘బాగా’ మోసే బరువు అంతా ఇంతా కాదు. ‘పాట బాగుంది’ అంటే ‘ద సాంగ్ ఈజ్ గుడ్’. ‘బాగా పాడింది’ అంటే ‘షీ శాంగ్ వెల్’. ‘బాగా వర్షం పడింది’ అంటే ‘ఇట్ రెయిన్డ్ హెవిలీ’. ‘బాగా కొట్టాడు’ అంటే ‘హీ హిట్ హిమ్ హార్డ్’. ‘బాగా తిన్నాడు’ అంటే ‘హీ ఏట్ ఎ లాట్’. ‘బాగా పొడవు’ అంటే ‘వెరీ టాల్’. ‘ఒంట్లో బాగా లేదు’ అంటే ‘ఐ యామ్ నాట్ వెల్’. ఈ చివరిదానిలో వెల్ అన్నది ఆరోగ్యాన్ని చెప్పే విశేషణం. కనుక ‘బాగా’ అనే మాట మీ మనసులోకి రాగానే ఆగి, నాణ్యత గురించా, పరిమాణం గురించా, బలం గురించా, ఆరోగ్యం గురించా అని అడిగిన తరువాతనే ఇంగ్లీషు మాటను ఎంచుకోండి. నాణ్యత గురించి అయితేనే గుడ్, వెల్ మధ్య ఎంపిక. అప్పుడు మళ్లీ మొదటి సూత్రమే: ఉండు వస్తే గుడ్, పని వస్తే వెల్. ‘హీ స్పీక్స్ ఇంగ్లీష్ గుడ్’ అనేది తప్పని మీకు ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు.

‘చాలా’, ‘మరీ’ అనే మాటల మధ్య తేడా తెలుగులో మనకు స్పష్టంగా తెలుసు. అయినా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి రెండింటికీ ‘టూ’ వాడేస్తాము. చాలా అంటే వెరీ, మరీ అంటే టూ. ‘కాఫీ చాలా వేడిగా ఉంది’ అంటే ఇష్టంగా తాగవచ్చు. ‘కాఫీ మరీ వేడిగా ఉంది’ అంటే నోరు కాలుతుంది, తాగలేము. ‘టూ హాట్’ అన్నది ఈ రెండవదానికే. మెచ్చుకుంటూ ‘టూ గుడ్’ అనడం మన దేశంలో మాటల్లో వినిపిస్తుంది కానీ పరీక్షలో దాన్ని నమ్ముకోవద్దు.

ఆశ్చర్యంగా, ఆసక్తిగా, విసుగ్గా వంటి మాటలు మరొక గుంట. ‘నాకు విసుగ్గా ఉంది’ అన్నది ‘ఐ యామ్ బోర్డ్’. ‘ఆ ఉపన్యాసం విసుగ్గా ఉంది’ అన్నది ‘ద లెక్చర్ ఈజ్ బోరింగ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నన్ను చూస్తే ఇతరులకు విసుగు పుడుతుందని అర్థం. దీనికి కూడా తెలుగులోనే గుర్తు ఉంది. ‘నాకు, ఆమెకు, పిల్లలకు’ అని ‘కు’ ఉన్నవారు అనుభవించేవారు, వారికి ‘డ్’తో ముగిసే రూపం. ‘కు’ లేకుండా నిలిచిన వస్తువు ఆ అనుభవానికి కారణం, దానికి ‘ఇంగ్’ రూపం. ‘ఆ వార్త నాకు ఆశ్చర్యంగా ఉంది’ అని రెండూ కలిసి వచ్చినప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని ఎవరితో మొదలుపెడుతున్నారో చూసుకోండి. నాతో మొదలైతే సర్‌ప్రైజ్డ్, వార్తతో మొదలైతే సర్‌ప్రైజింగ్.

స్థానం గురించి. తెలుగులో క్రియ చివర ఉంటుంది, క్రియా విశేషణం దానికి ముందు ఎక్కడైనా హాయిగా కూర్చుంటుంది. ఇంగ్లీషులో క్రియ, దాని కర్మ చేతులు పట్టుకుని నడుస్తాయి. వాటి మధ్యలో క్రియా విశేషణాన్ని దూర్చకూడదు. ‘షీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ తప్పు, ‘షీ స్పీక్స్ ఇంగ్లీష్ వెల్’ సరైనది. ‘ఐ లైక్ వెరీ మచ్ కాఫీ’ తప్పు, ‘ఐ లైక్ కాఫీ వెరీ మచ్’ సరైనది. ఎన్నిసార్లు అని చెప్పే ఆల్వేస్, ఆఫెన్, నెవర్ వంటివి మాత్రం సాధారణంగా అసలు క్రియకు ముందు, ఈజ్, యామ్, ఆర్, వాజ్‌లకు తరువాత నిలుస్తాయి. ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’, ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’ అనే రెండు వాక్యాలను జంటగా కంఠస్థం చేయండి.

మన మాటతీరు నుంచి నేరుగా ఇంగ్లీషులోకి దిగే మరో రెండు అలవాట్లు ఉన్నాయి. ఒకటి, నొక్కి చెప్పే ‘ఏ’కారం. ‘మాది శ్రీకాకుళమే’, ‘నిన్ననే వచ్చాను’ అన్నవి ‘ఐ యామ్ ఫ్రమ్ శ్రీకాకుళం ఓన్లీ’, ‘ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’ అని బయటికి వస్తాయి. తెలుగు ఏకారం నొక్కి చెబుతుంది, ఇంగ్లీషు ఓన్లీ హద్దు గీస్తుంది. అక్కడ ఓన్లీని తీసేసి, ఆ పదాన్ని గొంతుతో కాస్త గట్టిగా పలికితే చాలు. రెండవది, జంట మాటలు. ‘చిన్న చిన్న ఇళ్లు’, ‘వేడి వేడి ఇడ్లీలు’, ‘మెల్లమెల్లగా’ అనడం తెలుగుకు అందం. ‘స్మాల్ స్మాల్ హౌసెస్’, ‘హాట్ హాట్ ఇడ్లీస్’ అనడం ఇంగ్లీషులో కుదరదు. ఒక్కసారి చెబితే చాలు, బలం కావాలంటే ‘లాట్స్ ఆఫ్ స్మాల్ హౌసెస్’ అనవచ్చు.

కంగారు పడకుండా వదిలేయదగిన విషయాలు కూడా ఉన్నాయి. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు అన్నప్పుడు తెలుగు విశేషణం మారనట్లే ఇంగ్లీషు విశేషణం కూడా లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి మారదు. విశేషణాల వరుస గురించి పుస్తకాల్లో ఉండే పొడవైన పట్టికను చూసి కూడా భయపడకండి. బుడితి ఇత్తడి సామాను చూసి ‘అందమైన పాత ఇత్తడి చెంబు’ అంటారే కానీ ‘ఇత్తడి పాత అందమైన చెంబు’ అనరు కదా. ఇంగ్లీషులో కూడా ‘ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ బ్రాస్ పాట్’ అనే అంటారు. అభిప్రాయం ముందు, పరిమాణం, వయసు, రంగు మధ్యలో, దేనితో చేసిందో చివర. బొబ్బిలి వీణను ‘అందమైన చిన్న చెక్క వీణ’ అని తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగినవారికి ఆ వరుస చెవిలో ఇప్పటికే ఉంది. పోలికల దగ్గర మాత్రం ఒక్క జాగ్రత్త. తెలుగులో ‘కంటే’ అన్న మాటే పోలికనంతా మోస్తుంది, ‘పొడవు’ మారదు. ఇంగ్లీషులో ‘దాన్’తో పాటు విశేషణం కూడా టాలర్ అని మారాలి. మారిన తరువాత మళ్లీ ‘మోర్’ చేర్చకూడదు. ‘మోర్ బెటర్’ అన్నది రెండుసార్లు చెప్పడమే.

సాధన గురించి అడిగారు. నా దగ్గర సాయంత్రం చదువుకునేవారి చేత నేను చేయించేది ఇది. రోజూ పడుకునే ముందు, ఆ రోజు జరిగినవి పది వాక్యాలు ముందుగా తెలుగులో రాయండి. కావాలని ‘గా’ ఉన్న వాక్యాలే రాయండి. ప్రతి ‘గా’ కింద గీత గీసి, దాని తరువాతి క్రియను చుట్టండి. ఆ క్రియ ఉండు, కనిపించు జాతిదైతే పక్కన ‘వి’ అనీ, పని అయితే ‘క్రి’ అనీ రాయండి. ఆ తరువాతనే ఇంగ్లీషులోకి మార్చండి. మొదటి వారం విసుగు పుడుతుంది. మూడు నాలుగు వారాలకు గీతలు గీయకుండానే కన్ను క్రియ మీదకు పోవడం మొదలవుతుంది. నా అనుభవంలో వ్యాకరణ పుస్తకంలోని నిర్వచనాలను పదిసార్లు చదివినవారికంటే, ఈ గీతల పుస్తకాన్ని నెల రోజులు నిజాయితీగా నడిపినవారే ఎక్కువ ముందుకు వెళ్లారు. దీనితో పాటు ఇంగ్లీషు దినపత్రికలో ఒక చిన్న వార్తను తీసుకుని, లీతో ముగిసే ప్రతి మాట దగ్గరా ‘ఇది ఏ మాటను అంటుకుని ఉంది’ అని అడగండి. కొన్ని క్రియను కాక విశేషణాన్ని అంటుకుని ఉంటాయి. ‘ఎక్స్‌ట్రీమ్లీ పూర్’ అన్నప్పుడు ఎక్స్‌ట్రీమ్లీ పేదరికపు తీవ్రతను చెబుతున్నది. అలా విశేషణాన్ని అంటుకున్నదీ క్రియా విశేషణమే.

పరీక్ష గదిలో సమయం తక్కువ కనుక అక్కడ తెలుగులోకి మార్చుకుంటూ కూర్చోనక్కరలేదు. గీత గీసిన పదాన్ని చూడండి, అది అంటుకున్న పదాన్ని వెతకండి. అది నామవాచకమో సర్వనామమో అయితే విశేషణం, మరేదైనా అయితే క్రియా విశేషణం. మధ్యలో లుక్, ఫీల్ జాతి క్రియ ఉంటే వాజ్ పెట్టి చూసే పరీక్ష చేయండి. ఈ క్రమం అలవాటైతే ప్రశ్నకు ఎక్కువ సమయం పట్టదు.

ఈ రాత్రికి ఈ ఆరు వాక్యాలతో మొదలుపెట్టండి: నాగావళి నీరు చల్లగా ఉంది. పడవ నెమ్మదిగా కదిలింది. అమ్మ అలసటగా కనిపించింది. తమ్ముడు బల్లను శుభ్రంగా తుడిచాడు. తాతయ్య ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివాడు. బస్సు ఆలస్యంగా వచ్చింది. మొదటిదానికి కోల్డ్, రెండవదానికి స్లోలీ, మూడవదానికి టైర్డ్, ఐదవదానికి కేర్‌ఫుల్లీ, ఆరవదానికి లేట్ రావాలి. నాలుగవదాన్ని నేను కావాలనే విడిచిపెట్టాను. పని ముగిశాక శుభ్రం ఎక్కడ మిగిలిందో చూసి, మీ జవాబును కారణంతో సహా ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను.